వదిలేసిన నెయ్యి

దుర్గాంబ నెయ్యి వదిలేసి ముప్పై ఏళ్ళు దాటింది. నెయ్యే కాదు, నూనె కూడా. పెళ్ళి విందుల్లో నేతిగిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు ఆమె విస్తరి దగ్గర తమంతట తామే ఒక అడుగు దాటేసేవాళ్ళు. ఊరందరికీ తెలిసిన మొక్కు అది. ఇంట్లో ఆరు గేదెల పాడి. వారం వారం వెన్న కాచేది ఆమే. నోట్లో చుక్క వేసుకోకుండా, వాసనతోనే ఎప్పుడు దించాలో ఆమెకి తెలుసు. కాచిన నెయ్యి కొడుక్కి, కోడలికి, వచ్చేపోయేవాళ్ళకి. తన కంచంలోకి మాత్రం ఉడకేసిన కూర, పచ్చిపులుసు, వెన్న తీసిన మజ్జిగ.

మునేటికి ఇవతల, జగ్గయ్యపేటకి బండి మీద గంట దూరంలో మా ఊరు. దుర్గాంబ ఈ ఊరి కోడలుగా వచ్చిన మొదటి నాలుగేళ్ళలో ఇద్దర్ని కని, ఇద్దర్నీ నెల తిరక్కుండా మట్టిలో పెట్టింది. రెండుసార్లూ బాలింతగా ఉండగా ఆమెకి మూత్రం పాలల్లే తెల్లగా పోయింది. చూసిన ముసలమ్మలు తేల్చి చెప్పారు: చనుబాలు కిందికి జారిపోతున్నాయి, పైన మిగిలేది విరిగిన నీళ్ళు, బిడ్డ తాగేది విషం. మూడోవాడు కడుపున పడ్డప్పుడు పెనుగంచిప్రోలు తిరుపతమ్మకి మొక్కుకుంది. వీడు బతికితే నెయ్యీ నూనే ఈ జన్మకి ముట్టనంది. వాడు పుట్టగానే తన పాలు ఒక్క చుక్క పట్టకుండా రొమ్ములకి మల్లెమొగ్గలు కట్టించుకుని పాలు ఇంకించేసుకుంది. మేకపాలు పట్టింది. వాడు బతికాడు. తెలుపూ ఆగిపోయింది. వాడే వెంకటరత్నం.

కాబట్టి పాలమూత్రం సంగతి దుర్గాంబ ఎవరి దగ్గరో విన్నది కాదు. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకుని నేర్చుకున్నది. అట్లాంటి తెలివిని కాదనడం కష్టం.

వెంకటరత్నం పెళ్ళాం బసవమ్మ. రెండేళ్ళ కిందట ఆమెకి తొలి కానుపు. మగపిల్లవాడు. చిన్నబాబు అని పిలుచుకున్నారు. కోడలికి పాలు బాగా పడాలని దుర్గాంబ పూటకి గిద్దెడు నెయ్యి పోసి పెట్టింది. నలభయ్యో రోజున దొడ్లో బండ మీద తెల్లగా కనబడింది. ఆ సాయంత్రమే జగ్గయ్యపేట నుంచి మల్లెమొగ్గలు తెప్పించి, తడిగుడ్డలో పరిచి, కోడలి రొమ్ములకి కట్టింది. మేకని కొంది. చిన్నబాబు నాలుగున్నర నెలలు బతికాడు. చివరి పది రోజులూ విరేచనాలు. వాణ్ణి చేలో తుమ్మచెట్ల గట్టు కింద పెట్టి వచ్చాక దుర్గాంబ తల పట్టుకుని ఒక్కటే మాట అంది. "నలభై రోజులు తాగించాం. ముందే చూసుకోవాల్సింది."

ఇప్పుడు పందొమ్మిది వందల యాభై తొమ్మిది ఎండాకాలం. బసవమ్మకి ఆడపిల్ల పుట్టి ఇరవై ఒక్క రోజులు.

"బసవమ్మా, బిందెడు నీళ్ళతో పోయేదానికి మూడు బిందెలు కుమ్మరిస్తన్నావేంటే దొడ్లో? గుంట పొంగి దోమలు ముసురుతున్నై."

"ఎండకి వాసనేస్తోందత్తయ్యా."

"నీ ఒక్కదాని ముక్కుకే వస్తోందా వాసన?"

మర్నాడు తెల్లవారగానే కోడలి కంటే ముందు లేచి, నీళ్ళ బిందె పక్కకి జరిపేసి, దడి అవతల నిలబడింది దుర్గాంబ. బసవమ్మ లేచి బిందె కోసం తడుముకునేసరికే అత్త వచ్చి చూసేసింది. బండ మీద బియ్యం కడుగులా తెల్లగా ఉంది. మధ్యలో మీగడ తునకలాంటిది ఒకటి.

"ఎన్నాళ్ళనుంచి?"

బసవమ్మ తల దించుకుంది. "అయిదో రోజునుంచి."

"ఓరి నాయనో! పదహారు రోజులు తాగించావటే దానికి! ఒరేయ్ రత్నం, లెగరా. పేట పోయి మొగ్గలు పట్రా. విచ్చినయ్యి కాదు, మొగ్గలు."

"వద్దత్తయ్యా." బసవమ్మ అత్త చెయ్యి పట్టుకుంది. "ఈసారి పూలు కట్టొద్దు."

"నాకేవన్నా సరదానా? అది నా మనవరాలు కాదా? వాణ్ణి పోగొట్టుకుంది చాలదా?"

బసవమ్మ అత్త చెయ్యి వదిలేసింది. పిల్లని చూస్తే రొమ్ములు పొంగుతున్నాయి. బండ మీద తెలుపు చూస్తే భయమేస్తోంది. తన పాలే చిన్నబాబుని చంపాయేమోనని ఆమెకీ లోలోపల అనుమానమే.

వెంకటరత్నం మొగ్గలు తెచ్చాడు. తెచ్చి, తడిగుడ్డలో కట్టి, వసారాలో పెట్టి, తను మాత్రం గేదెల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాట పడ్డప్పుడల్లా అతనికి గేదెలతోనే పని.

ఆ రోజు ఆదివారం. పూలు కట్టక ముందే రత్నమణి వచ్చింది. రత్నమణి తల్లి లూర్దమ్మ వీళ్ళ చేలో నాట్లకీ కోతకీ వచ్చే మనిషి. పిల్ల గుంటూరులో నర్సు చదువు చదివి నందిగామ ఆసుపత్రిలో పనిచేస్తోంది. చర్చికని ఊరొచ్చినప్పుడల్లా అరుగు దాకా వచ్చి పలకరించి పోతుంది.

"ఏమే రత్నమణీ, తెల్లచీర కట్టాక మా గుమ్మం గుర్తుందా?"

"మా అమ్మ నడుం మీ చేలోనే ఒంగిపోయిందిగా అమ్మగారూ. మర్చిపోతే గుర్తుచేస్తది."

దుర్గాంబకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. వసారాలో తడిగుడ్డ మూట, లోపల బసవమ్మ ఎర్రటి కళ్ళూ చూసి ఏమైందని అడిగింది రత్నమణి. బసవమ్మ గుమ్మంలోకి వచ్చి చెప్పింది.

"ఎప్పుడూ ఒకేలాగుంటదా అమ్మాయిగారూ? తిండిని బట్టి మారుద్దా?"

బసవమ్మ ఆలోచించింది. "పురిటి గారెలు చేసిన మర్నాడు గడ్డలు గడ్డలుగా పడింది."

"అయితే అవి పాలు కాదేమో."

"పాలు కాకపోతే సున్నమా?" అంది దుర్గాంబ.

"నాకు తెల్దండి. మా డాక్టరమ్మగారికి చూపించండి. ఇట్టాంటియ్యి సీసాలో పోసి చూస్తారావిడ. పూలు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. ఇంకిపోయిన పాలు మళ్ళీ రమ్మంటే రావు."

దుర్గాంబ కోడలి వైపు తిరిగింది. "నాలుగు రోజులు. అయ్యి పాలేనని ఆవిడ నోటితోనే అంటే ఆ ఆసుపత్రి అరుగుమీదే పూలు కడతా. అప్పటిదాకా పిల్ల నా ఒళ్ళో ఉంటది. నువ్వు ముట్టుకోవు. సరేనా?"

బసవమ్మ సరేనంది.

సోమవారం పొద్దున్నే బండి కట్టి జగ్గయ్యపేట చేరారు. అక్కణ్ణుంచి నందిగామ బస్సు. పిల్ల పాలకని మేకని కాళ్ళు కట్టి టాపు మీదికి ఎక్కించాడు వెంకటరత్నం.

"మేకక్కూడా టిక్కెట్టేనండోయ్," అన్నాడు కండక్టరు.

"కొట్టవయ్యా, కొట్టు. మా పిల్లకి తల్లి అది," అంది దుర్గాంబ, ఒళ్ళో మనవరాలికి కొంగుతో విసురుతూ.

పక్కన కూర్చున్న బసవమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. ఆమె రవిక ముందు భాగం తడిసి ఉంది. కొంగు కప్పుకుంది.

డాక్టరమ్మకి నలభై ఏళ్ళుంటాయి. లావుపాటి కళ్ళద్దాలు, కొంగు నడుముకి దోపుకుని చకచకా తిరిగే మనిషి. బసవమ్మ ఇచ్చిన సీసాని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. కొంచెం గాజుగొట్టంలో పోసి, ఘాటు వాసన వేసే మందేదో కలిపి ఊపింది. అందరూ చూస్తుండగానే తెలుపు విరిగిపోయింది. నీళ్ళలా తేటపడింది.

"ఇది కొవ్వు," అంది. "నువ్వు తిన్న నెయ్యీ నూనే."

మిగిలిన దాన్ని రత్నమణి అడుగు తేర్చి, ఒక చుక్క గాజుపలక మీద వేసింది. డాక్టరమ్మ మైక్రోస్కోపులో చాలాసేపు వెతికింది. ఆ పలక కాదని ఇంకొకటి, అది కాదని ఇంకొకటి. నాలుగోదాని దగ్గర ఆగి బసవమ్మని పిలిచింది. "ఒక కన్ను మూసుకుని చూడు."

బసవమ్మకి మొదట తన కంటిరెప్పలే కనబడ్డాయి. తర్వాత గుండ్రటి వెలుగు. అందులో సన్నటి దారప్పోగులాంటిది మెలికలు తిరుగుతోంది. ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

"బోదకాలు తెచ్చే పురుగు పిల్ల అది. దోమ కుట్టి ఎక్కిస్తుంది. పెద్దవి లోపలెక్కడో కాపరం పెడతాయి, ఏళ్ళ తరబడి."

"మా కాళ్ళు బానే ఉన్నయ్యిగా అండీ," అంది దుర్గాంబ.

"అందరికీ కాళ్ళలోకే దిగాలని లేదు మామ్మగారూ. మనం తిన్న కొవ్వు తెల్లటి రసంగా సన్నటి పిల్లకాలవల్లో పోయి రక్తంలో కలుస్తుంది. పురుగులు ఆ కాలవకి అడ్డం పడ్డాయి. కాలవ పూడితే ఏమవుతుంది? గట్టు తెగి పక్కచేలో పడుతుంది. ఈ అమ్మాయికి మూత్రం దారిలో పడుతోంది. రొమ్ముకీ దీనికీ సంబంధం లేదు. పిల్లకి పాలివ్వమనండి, ఇప్పుడే."

బసవమ్మ అత్త ముఖం చూసింది. దుర్గాంబ పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"మరి ఆ గట్టు సరిగ్గా కానుపైన అయిదో రోజునే ఎందుకు తెగిందండీ?"

"ఎప్పుడో తెగి ఉంటుంది. బాలింతని మీరు నేతిలో ముంచారు కాబట్టి ఇప్పుడు కనబడింది. రెండు రోజులు నెయ్యి, నూనె, మీగడ ఆపి చూడండి."

ఆసుపత్రి పక్కన సత్రంలో దిగారు. బసవమ్మకి రెండు రోజులు చప్పిడి కూడు. ఒళ్ళోకి పిల్ల రాదు. పూటపూటకీ పాలు పిండి గోడవారకి పారబోసేది. పారబోస్తూ ఏడ్చేది. మూడో రోజు పొద్దున సీసా బావినీళ్ళంత తేటగా ఉంది.

"చూశారా?" అంది డాక్టరమ్మ. "రొమ్ములో పాలున్నాయి. సీసాలో తెలుపు లేదు. ఇవీ అవీ ఒకటే అయితే రెండూ ఆగాలి కదా?"

దుర్గాంబ సీసా వైపు చూసింది, కోడలి వైపు చూసింది. "నేతితోనేగా అండీ పాలు పడేది? నెయ్యి ఆపారు. కొత్త పాలు పడలా, కిందికి జారలా. పైన ఉన్నయ్యి పాతయ్యి."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "మీరు చదువుకుని ఉంటే ఈ కుర్చీ నాకు దక్కేది కాదు మామ్మగారూ."

"చదువెందుకండీ. నాకూ ఇదే వచ్చింది. ఇద్దరు పోయారు. మూడోవాడికి నా పాలు పట్టలా, బతికాడు. పాలు ఇంకినై, తెలుపు ఆగింది. మీరు గాజుగొట్టంలో చూశారు. నేను కళ్ళతో చూశా."

డాక్టరమ్మ తుడవడం ఆపింది. "మీకూ వచ్చిందా?"

"అబద్ధమాడతానా?"

"పాలు ఇంకించుకోవడం కాక అప్పుడు ఇంకేమన్నా మానేశారా?"

"ఇంకేం మానేశా? మొక్కు పట్టా అంతే. తిరుపతమ్మకి." అని, ఆగి, మెల్లిగా అంది. "నెయ్యీ నూనే వదిలేశా."

రత్నమణి చేతిలో గాజుపలక అట్లాగే ఉంది. వెంకటరత్నం తల్లి వైపు చూసి, కిటికీలోంచి బయట కట్టేసిన మేక వైపు చూడసాగాడు.

"మామ్మగారూ, మీకెన్నేళ్ళు?"

"యాభై మూడో నాలుగో."

"చనుబాలు ఉన్నాయా ఇప్పుడు?"

"ఎగతాళా అండీ?"

"కాదు. ఇవాళ మధ్యాహ్నం, రాత్రి, నేతి అన్నం తినండి. రేపు పొద్దున సీసా ఇవ్వండి. మీకు తెల్లబడితే అవి చనుబాలు కావని ఎవరూ చెప్పక్కర్లేదు. తెల్లబడకపోతే మాత్రం ఏదీ తేలినట్టు కాదు. ఇన్నేళ్ళలో మీ గండి పూడిపోయి ఉండొచ్చు."

"అది మొక్కండీ. వీడి పానం మీద పట్టిన మొక్కు."

"దాని సంగతి నేనేం చెప్పలేను," అంది డాక్టరమ్మ.

దుర్గాంబ లేచి వచ్చేసింది. తినేది కాదేమో. కానీ ఆ మధ్యాహ్నం పిల్లకి గుడ్డ మారుస్తుంటే పచ్చగా, నీళ్ళలా ఉంది. రెండోసారి. మూడోసారి. దుర్గాంబ గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకి తెలుసు. రెండేళ్ళ కిందట పది రోజులు ఇంటినిండా అదే వాసన.

"రత్నం, నెయ్యి పట్రా," అంది.

"అమ్మా, నా కోసం పట్టిన మొక్కేగా. నేనే చెప్తన్నా, ఏం కాదు. తిను."

"నోర్ముయ్యరా. ఆ తల్లికి నువ్వు చెప్పేవాడివా?"

పెనుగంచిప్రోలు ఎటు ఉందో చూసుకుని అటు తిరిగి నిలబడింది. కొంగు చేతుల్లోకి తీసుకుని అంది. "తల్లీ, మాట తప్పుతున్నా. వాడి జోలికి పోబాక. ఏదన్నా ఉంటే నా మీద పెట్టు."

బసవమ్మ వడ్డించింది. దుర్గాంబ కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా తన చేత్తో కాచిన వస్తువు రుచి ఏమిటో మళ్ళీ అప్పుడు తెలిసింది. బాగుంది. చాలా బాగుంది. అంత బాగున్నందుకే ఆమెకి ఏడుపొచ్చింది. రాత్రికి కూడా అట్లాగే కళ్ళు మూసుకుని తింది.

పొద్దున సత్రం వెనక దడిలోకి సీసా తీసుకుని వెళ్ళింది.

తెల్లగా ఉంది.

నమ్మలేక సీసాని ఎండలోకి ఎత్తి పట్టుకుంది. బియ్యం కడుగు. బండ మీద కోడలిది ఎట్లా ఉందో అట్లాగే. ముప్పై ఏళ్ళనాడు తనది ఎట్లా ఉండేదో అట్లాగే. రొమ్ములు ఎండిపోయి వేలాడుతున్న ముసలిదానికి పాలెక్కణ్ణుంచి వస్తాయి?

అక్కడున్న రాయి మీద కూర్చుండిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. చిన్నబాబుకి నలభై రోజులు. పూలు కట్టాక వాణ్ణి తీసుకోబోతే తల్లి నల్లపూసలు గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. ఒక్కొక్క వేలూ విడదీసింది. చిటికెనవేలు మళ్ళీ మళ్ళీ చుట్టుకుంటుంటే నవ్వొచ్చి, "గట్టివాడివేరా" అంది కూడా. ఈ చేతులే.

దడి పక్కన కాలవ పారుతోంది. కుండలో నీళ్ళున్నాయి. సీసా ఒంపేసి, కడిగి, కాసిని నీళ్ళు కలిపి ఇస్తే ఎవరికి తెలుస్తుంది? తెల్లబడకపోతే ఏదీ తేలినట్టు కాదని ఆవిడే అంది. ఏదీ తేలదు. పాలవల్లే పోయాడు వాడు. నలభై రోజులు ఆలస్యం అయింది. అంతే. ఆ మాట మీద ఇంకెన్నాళ్ళయినా బతకొచ్చు.

సీసా వంచింది. లోపల్నుంచి పిల్ల ఏడుపు వినబడింది. ఏడుపు కూడా కాదు. నీరసంగా, పిల్లికూనలా.

సీసాకి మూత బిగించింది.

కొంగు కింద పెట్టుకుని, ఎవరితో మాట్లాడకుండా నడిచి, డాక్టరమ్మ బల్ల మీద పెట్టి చెయ్యి తీసేసింది. డాక్టరమ్మ చూసింది. చూశారా అనలేదు. మందు కలిపి ఊపి చూపించబోతే దుర్గాంబ తల అడ్డంగా ఊపింది.

"మరి ఆ ఇద్దరూ ఎట్టా పోయారండీ?"

"నాకు తెలీదు మామ్మగారూ. నెలలోపు పోయారంటే ధనుర్వాతమో, జ్వరమో. మీ పాలవల్ల మాత్రం కాదు."

"మా చిన్నబాబో?"

డాక్టరమ్మ కొంచెం ఆలోచించి అడిగింది. "మేకపాలలో నీళ్ళు కలిపేవాళ్ళా?"

"పసివాడికి అరగవని. సగానికి సగం."

"కాచిన నీళ్ళా?"

దుర్గాంబ తన రెండు చేతుల వైపు చూసుకుంది. డాక్టరమ్మ చీటీ రాసుకుంటూ కూర్చుంది, చాలాసేపు, రెండు మాటలు రాయడానికి.

సత్రానికి వచ్చి, ఉయ్యాల గుడ్డలోంచి పిల్లని తీసి కోడలి ఒళ్ళో పెట్టింది దుర్గాంబ. "ఇచ్చుకో," అంది. బసవమ్మ ముఖం ఎత్తి చూసింది. అడగవలసింది ఏమీ లేకపోయింది. జవాబు అత్త ముఖం మీదే ఉంది.

నాలుగు రోజుల్లో పాలు సగం తగ్గాయి. పిల్ల పట్టు మర్చిపోయి ముఖం తిప్పేసుకుంది, ఏడ్చింది, మళ్ళీ వెతుక్కుంది. దుర్గాంబ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎంతసేపో అయ్యాక గుటక చప్పుడు వినబడింది. ఒకటి. తర్వాత ఇంకొకటి.

"చిన్నబాబూ ఇట్టాగే మింగేవాడత్తయ్యా," అంది బసవమ్మ. "చప్పుడయ్యేది."

నిష్ఠూరంగా అన్న మాట కాదు. గుర్తొచ్చి అంది. దుర్గాంబ గోడ వైపే ఉంది. ఆమె వీపు మాత్రం కదిలింది.

లేచి, వెంట తెచ్చుకుని మూలన పెట్టిన తడిగుడ్డ మూట విప్పింది. మొగ్గలన్నీ విచ్చి, గోధుమరంగు తిరిగి, కుళ్ళు వాసన వేస్తున్నాయి. బయటికి తీసుకెళ్ళి మేక ముందు పోసింది. మేక వాసన చూసి తినేసింది.

ఇంటికొచ్చాక పిల్ల తేరుకుంది. అత్తాకోడళ్ళిద్దరికీ మూడు వారాలకి సరిపడా మాత్రలు ఇచ్చి పంపింది డాక్టరమ్మ. వెంకటరత్నం ఎవరూ చెప్పకుండానే దొడ్లో మురుగు గుంటని రాళ్ళూ మట్టీ పోసి పూడ్చేశాడు. బసవమ్మ మాత్రలు పూటపూటకీ దుర్గాంబే గుర్తుపెట్టుకుని ఇచ్చేది. కోడలి కంచంలో నెయ్యి పడకుండా కాపలా కాసేది.

తన కంచంలో మాత్రం వేసుకోవడం మొదలుపెట్టింది.

"ఏం దుర్గాంబా, మొక్కు తీరిందా ఏంటి?" అని అడిగేవాళ్ళు వీధి ఆడవాళ్ళు.

"తీరింది," అనేది.

పూటకి రెండు గరిటెలు. రుచి కోసం తినే మనిషి తినే తీరు కాదది. మందు మింగినట్టు మింగేది. పొద్దున్నే దొడ్లోకి వెళ్ళి, బండ మీద చూసుకుని, చాలాసేపు అక్కడే నిలబడి వచ్చేది. రోజూ అంతే. ఒక్కరోజు కూడా నీళ్ళు పోయకుండా, ఎండి తెల్లటి చార పడేదాకా వదిలేసేది. బసవమ్మ నాలుగైదు రోజులు అర్థంకాక చూసింది. తర్వాత ఒకనాడు గూట్లో దీపం కుంది వెనక అత్త మాత్రల పొట్లం దొరికింది. కట్టిన దారం కూడా విప్పలేదు.

ఆ మధ్యాహ్నం దుర్గాంబ కంచం ముందు కూర్చుని చెయ్యి చాచింది.

"నెయ్యి ఎయ్యవే."

"లేదత్తయ్యా."

"లేకపోడమేంటే? నిన్ననేగా కాచా. గిన్నెడుంది."

"అయిపోయింది."

వంటింటినిండా కమ్మటి వాసన ఉంది. గిన్నె బసవమ్మ వెనకే ఉంది. కొంగు దాని మీదికి లాగి కూర్చుంది. ఒళ్ళో పిల్ల పాలు తాగుతూ నిద్రపోయింది. పిల్ల గుప్పిట్లో నల్లపూసలు. బసవమ్మ రెండో చేత్తో పొట్లం పట్టుకుని, దారం పళ్ళతో తెంపి, రెండు మాత్రలు తీసి అత్త కంచం అంచున పెట్టింది.

"చాలత్తయ్యా," అంది. "ఇంక నెయ్యి లేదు."

దుర్గాంబ మాత్రల వైపు చూసింది. పిల్ల గుప్పిటి వైపు చూసింది. మాత్రలు చేతిలోకి తీసుకుని, ముంత ముందుకి జరిపింది.

"మజ్జిగ పొయ్యి," అంది.